మాట బయటికి పోదంటేనే



ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుకుంటాం. 1949 నుంచి వస్తున్న ఆనవాయితీ. బడిపిల్లలు చిన్న జెండా అంటిస్తారు, మనం డబ్బాలో తోచినంత వేస్తాం. ఆ సొమ్ము మాజీ సైనికుల సంక్షేమానికీ, ప్రాణాలిచ్చిన జవాన్ల కుటుంబాలకూ చేరుతుంది. కాలు పోయిన జవానును చూస్తే మనకు జాలేస్తుంది, చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. మరి ఒంటి మీద ఒక్క గాటు లేకుండా తిరిగొచ్చి, రాత్రుళ్లు నిద్రపట్టక వీధి అరుగు మీద కూర్చునే మనిషికి ఏ డబ్బాలో ఏం వేస్తాం? ఆయన మాట వినే మనిషి ఒకరు కావాలి. విన్న మాట మరో చెవిన పడదన్న నమ్మకం కావాలి. సైనికుల మనసుకు తగిలే దెబ్బల గురించీ, వాటికి గుట్టుగా అందే సాయం గురించీ ఈవేళ నాలుగు మాటలు చెబుతాను.

మా బంధువుల్లో ఒక సుబేదారు గారు ఉండేవారు. వరసకు నాకు పెదనాన్న. పెన్షన్ మీద ఊరికొచ్చి వ్యవసాయం చూసుకునేవారు. దీపావళినాడు సందె వేళకల్లా టార్చిలైటూ, ఒక దుప్పటీ తీసుకుని పొలంలో మోటారు షెడ్డుకు వెళ్లిపోయేవారు. ఊళ్లో టపాకాయల మోత అణిగాక, తెల్లారి ఎప్పటికో తిరిగొచ్చేవారు. ‘ఆయనకు మందు పొగ పడదమ్మా, ఆయాసం’ అని పెద్దమ్మ అందరికీ చెప్పేది. పెళ్లిళ్లకు వెళితే గోడకు వీపు ఆనించి, వాకిలి కనబడే కుర్చీలోనే కూర్చునేవారు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే పిల్లలం ఎవరం దగ్గరికి పోకూడదు. ‘పెదనాన్నను తట్టి లేపకండిరా, గుమ్మం దగ్గర నిలబడి పిలవండి’ అని మాకు గట్టిగా చెప్పి ఉంచారు. ఎందుకని మేం అడగలేదు. ఆయనా చెప్పలేదు. మిలటరీ క్యాంటీన్ నుంచి తెచ్చుకునే మందు సీసా మాత్రం ఏడాదికేడాది త్వరగా ఖాళీ అయ్యేది. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతి, ఎవరూ పైకి అనని సంగతి. మిలటరీ మనిషి ఉన్న చాలా ఇళ్లల్లో ఇలాంటి ఏర్పాట్లు ఏవో ఒకటి జరుగుతూనే ఉంటాయి.

వైద్యులు ఇలాంటి స్థితిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. పొట్టిగా పీటీఎస్‌డీ. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన రోగ నిర్ధారణ గ్రంథంలోకి ఎక్కించాకే ఈ పేరు స్థిరపడింది. జబ్బు మాత్రం యుద్ధమంత పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారు. 1915లో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఆ పేరుతో వ్యాసం రాశాడు. పక్కన ఫిరంగి గుండు పేలడం వల్ల మెదడు అదిరిపోయిందేమోనని మొదట్లో అనుకున్నారు. గుండు దరిదాపుల్లో కూడా లేని వాళ్లకు అవే లక్షణాలు కనిపించేసరికి ఆ లెక్క తప్పింది. అయినా సైన్యం మాత్రం చాలామందిని పిరికివాళ్ల కిందే జమకట్టింది. పిరికితనం, పారిపోవడం వంటి నేరాలు మోపి ఆ యుద్ధంలో బ్రిటన్ కాల్చి చంపించిన తన సైనికుల్లో 306 మందికి, తొంభై ఏళ్లు గడిచాక, 2006లో క్షమాభిక్ష ఇచ్చింది. వాళ్లలో ఎంతమంది మనసు చెదిరి ఉందో ఇప్పుడు ఎవరు తేలుస్తారు?

లక్షణాలు చెప్పుకుందాం, ఎందుకంటే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టాల్సింది వీటినే. జరిగిపోయిన ఘటన కలలో వస్తుంది, మెలకువలోనూ కళ్లముందు ఆడుతుంది. దాన్ని గుర్తుచేసే చోట్లకూ, మనుషులకూ, వార్తలకూ మనిషి దూరంగా తిరుగుతాడు. మునుపు ఇష్టమైన వాటి మీద మనసు పోదు, బిడ్డను ఎత్తుకున్నా లోపల ఏమీ కదలదు. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడతాడు, చిన్న మాటకు మండిపడతాడు, నిద్ర ఉండదు. ఇవి నెల దాటినా తగ్గకుండా, ఉద్యోగానికో సంసారానికో అడ్డం వస్తుంటే దాన్ని జబ్బుగానే చూడాలి. కాపలాలో ఉన్నవాడికి ఆ ఉలికిపాటు అవసరం, అదే అతని ప్రాణం కాపాడింది. బావిలో నీళ్లు అడుగంటాక కూడా మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటే చివరికి కాయిల్ కాలిపోతుంది చూశారా, ఇంటికొచ్చాక కూడా ఆ జాగ్రత్త దిగకపోతే మనిషికి జరిగేది అదే.

ఇది యుద్ధం చేసినవాళ్లకే వస్తుందనుకోకండి. మంచుచరియ విరిగిపడి తోటివాళ్లను తవ్వి తీసినవాడికి రావచ్చు. లారీ లోయలో పడితే బతికి బయటపడినవాడికి రావచ్చు. వరదల్లో శవాలు మోసినవాడికి రావచ్చు. సొంత దళంలోనే లైంగిక దౌర్జన్యానికి గురైన ఆడవాళ్లకూ, మగవాళ్లకూ రావచ్చు. అలాగని మిలటరీలో పనిచేసిన ప్రతివాడికీ ఈ జబ్బు ఉంటుందని కాదు. భయంకరమైనవి చూసి కూడా ఎక్కువమంది కొన్నాళ్లకు కుదుటపడతారు. కుదుటపడలేని వాళ్ల గురించే మన బెంగ.

ప్రభుత్వం 2022 జులైలో రాజ్యసభకు చెప్పిన లెక్క ఒకటుంది. అంతకుముందు ఐదేళ్లలో మన త్రివిధ దళాల్లో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో ఆర్మీలో 642, వైమానిక దళంలో 148, నౌకాదళంలో 29. వీటన్నిటికీ పీటీఎస్‌డీయే కారణం అనలేం. అప్పులు, భూతగాదాలు, సంసారంలో కలతలు, దొరకని లీవు, ఇలా ఎన్నో కలుస్తాయి. కానీ అన్ని రోజులు ఆ బరువు మోసిన మనిషి దాన్ని ఎవరి ముందూ దించలేకపోయాడన్నది మాత్రం చాలా మరణాల్లో కనబడే సంగతి.

ఎందుకు దించలేకపోతున్నాడు? సర్వీసులో ఉన్నవాడి సంగతి ముందు చూద్దాం. సైన్యంలో ఆరోగ్యాన్ని షేప్ అనే ఐదు ఇంగ్లిష్ అక్షరాలతో కొలుస్తారు. అందులో మొదటి అక్షరం ఎస్, అది మనసుకు. మిగిలినవి వినికిడికి, కాళ్లూ చేతులకు, శరీర దారుఢ్యానికి, కంటిచూపుకు. అన్నిటా ఒకటి ఉంటే షేప్-వన్, పూర్తి ఫిట్. ఏ అక్షరంలో తేడా వచ్చినా ‘కేటగిరీ పడింది’ అంటారు. కేటగిరీ పడితే ప్రమోషన్ మీద, కోర్సుల మీద, పోస్టింగుల మీద దాని నీడ పడుతుంది. మోకాలికి కేటగిరీ పడితే తోటివాళ్లు అయ్యో అంటారు. మనసుకు పడితే చాటున నవ్వుతారు, చేతిలోని ఆయుధం తీసి పక్కన పెట్టిస్తారు. పైగా సైకియాట్రీ కేసుల్లో కమాండింగ్ ఆఫీసర్ దగ్గర్నుంచి రిపోర్టు తెప్పించుకునే పద్ధతి ఉంది. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 అని దానికో ఫారం. వైద్యుడికి ఆ రిపోర్టు అవసరమే, మనిషి యూనిట్‌లో ఎలా మెలుగుతున్నాడో తెలియకుండా వైద్యం చెయ్యడం కష్టం. కానీ జవాను వైపు నుంచి చూడండి. నిద్రపట్టట్లేదని డాక్టరుకు చెప్తే, ఆ కబురు సీవో సాబ్ టేబుల్ మీదికి పోతుంది. అందుకని ఎంఐ రూముకు, అంటే యూనిట్ దవాఖానాకు వెళ్లి నడుంనొప్పి అని చెప్పి మాత్రలు తెచ్చుకుంటాడు. నడుంనొప్పికి కేటగిరీ భయం తక్కువ.

పెన్షన్ మీద ఇంటికొచ్చినవాడికి కేటగిరీ భయం లేదు. ఊరి భయం ఉంటుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం ఉంది. ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు, ఆ పేరే అలా వచ్చింది. అలాంటి ఊళ్లలో, అంటే వీధికి పదిమంది ఫౌజీలు ఉన్నచోట, బాధ అర్థం చేసుకునేవాళ్లకు కొదవ లేదు. కానీ గుట్టుకు మాత్రం చోటు లేదు. మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో వరసలో నిలబడితే ముందున్నవాడూ, వెనకున్నవాడూ ఎరిగినవాళ్లే. ‘ఏమండీ హవల్దారు గారూ, ఏం వచ్చింది?’ అని పలకరిస్తారు. షుగరండీ అని చెప్పుకోవచ్చు. సైకియాట్రీకి రాయించుకుంటున్నాను అని చెప్పగలడా? సాయంత్రానికల్లా ఆ మాట రచ్చబండ దగ్గరికి చేరుతుంది, నాలుగు రోజుల్లో కూతురి పెళ్లి సంబంధం దాకా పోతుంది. మనవాళ్లు మెంటల్ అనే మాటను ఎంత చులకనగా వాడతారో మీకు తెలియనిది కాదు.

తన గోడు ఎవరో చాటుగా వింటారన్న అనుమానం సైనికుడికి కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి ఫ్రాన్స్ వెళ్లిన సిపాయిలు గాయాలతో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఆస్పత్రులకు చేరేవారు. అక్కడి రాజప్రాసాదాన్నే వాళ్లకోసం ఆస్పత్రిగా మార్చారు. వైద్యం బాగానే చేశారు. కానీ వాళ్లు ఇంటికి రాసే ఉత్తరాలన్నిటి మీదా సెన్సారు ఉండేది. దండులో ధైర్యం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆ ఉత్తరాల్లోంచి ముక్కలు తర్జుమా చేసి పై అధికారులకు పంపేవారు. సిపాయిలకు ఆ సంగతి తెలిసిపోయింది. నల్ల మిరియాలంటే మనవాళ్లు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవాళ్లు అని అర్థం పెట్టుకుని, సరుకు ఎంత ఖర్చయిందో రాసేవారు. చచ్చిపోతున్నామని పెళ్లానికి చెప్పుకోవాలన్నా దినుసుల భాషలో చెప్పుకోవాల్సి వచ్చింది. చాటున చదివే కళ్లు ఉన్నంతకాలం మనిషి నిజం రాయడు. ఇది ఆనాటి సెన్సారుకు ఎంత వర్తిస్తుందో, ఈనాటి ఆస్పత్రి ఫైలుకూ అంతే వర్తిస్తుంది.

ఈ చిక్కును అమెరికాలో వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవాళ్లు ఒక దారిలో విప్పుకున్నారు. 1970లో న్యూయార్క్‌లో ఆ మాజీ సైనికులు తమలో తాము కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రాబర్ట్ జే లిఫ్టన్, హైమ్ షాటన్ అనే మానసిక వైద్యులు వాళ్లతో కలిసి కూర్చున్నారు. ప్రభుత్వ ఆస్పత్రి మెట్లు ఎక్కడానికి ఆ కుర్రాళ్లు ఇష్టపడలేదు. తమను యుద్ధానికి పంపిన ప్రభుత్వమే తమ రహస్యాలు రాసి పెట్టుకుంటుందని వాళ్ల అనుమానం. చివరికి 1979లో అక్కడి ప్రభుత్వం వెట్ సెంటర్లు అని తెరిచింది. ఆస్పత్రి ఆవరణలో పెట్టకుండా, మామూలు వీధుల్లో, దుకాణాల పక్కన పెట్టింది. లోపల కూర్చుని వినేవాళ్లలో చాలామంది తామూ యుద్ధం చూసినవాళ్లే. అన్నిటికన్నా ముఖ్యమైన కట్టుబాటు ఒకటి పెట్టుకున్నారు. ఆ సెంటర్లో రాసుకున్న ఫైలు ఆస్పత్రి ఫైలుతో కలవదు. ప్రాణాపాయం వంటి పరిస్థితి వస్తే తప్ప, మనిషి సంతకం పెట్టి ఒప్పుకోకుండా సైన్యానికి గానీ, ఇంకొకరికి గానీ వెళ్లదు. ఇవాళ ఆ దేశంలో అలాంటివి 300 దాకా ఉన్నాయి. లైంగిక దౌర్జన్యం విషయంలో అక్కడి సైన్యంలో 2005లో మరో అడుగు వేశారు. బాధితులు కోరుకుంటే, పై అధికారికి తెలియకుండా, విచారణ మొదలు కాకుండా, ముందు వైద్యమూ, సలహా పొందే వీలు కల్పించారు. కేసు పెట్టాలా వద్దా అన్నది తర్వాత వాళ్లే తేల్చుకుంటారు.

మన దగ్గర ఏముంది? చాలామందికి తెలియదు గానీ, ఉంది. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టింది. నంబరు 14416. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. డబ్బు ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ దీనికి పెద్ద దిక్కు. సైనికుల కోసం, వాళ్ల కుటుంబాల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబర్ 1న ప్రత్యేకంగా ఒక టెలి మానస్ కేంద్రం తెరిచారు. జవాను భాషా, యూనిట్ జీవితమూ తెలిసినవాళ్లు వినాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. లీవు శాంక్షన్ కాకపోవడమంటే ఏమిటో, ఫీల్డ్ ఏరియా అంటే ఏమిటో మొదట్నుంచీ విడమరిచి చెప్పాల్సిన పని ఉండకపోతే మాట సులువుగా వస్తుంది. నౌకాదళంవాళ్లకు ముంబయిలోని ఐఎన్‌హెచ్‌ఎస్ అశ్వినిలో మానసిక చికిత్స కేంద్రం ఉంది, మన విశాఖపట్నంలోనూ మానసిక ఆరోగ్య కేంద్రం పెట్టారు. ఇక పెన్షనర్లకు 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ ఉండనే ఉంది. దాని ద్వారా ఎంప్యానెల్ అయిన ఆస్పత్రిలో సైకియాట్రిస్టుకు చూపించుకోవచ్చు.

ఫోన్ చేస్తే ఏమవుతుందోనని జంకు ఉంటుంది. ముందు భాష ఎంచుకోమంటుంది. తర్వాత ఒక కౌన్సెలర్ లైన్‌లోకి వస్తారు. మొదటి రోజే జరిగిన ఘోరమంతా చెప్పాల్సిన పనిలేదు. నిద్ర లేదు, కోపం వస్తోంది, తాగుడు పెరిగింది అంటే చాలు, మాట అక్కణ్నుంచి నడుస్తుంది. అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ఇంట్లో అందరూ ఉండగా మాట్లాడటం ఇబ్బందనిపిస్తే పొలం గట్టు మీది నుంచి చేయండి, ఆగిన బండిలో కూర్చుని చేయండి.

ఇక అసలు ప్రశ్న, మాట బయటికి పోతుందా? మన దేశంలో దీనికి చట్టం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే నుంచి అమల్లో ఉంది. తన మానసిక ఆరోగ్యం గురించీ, వైద్యం గురించీ గోప్యత కోరే హక్కు రోగికి ఉందని అందులో 23వ సెక్షన్ చెబుతుంది. రోగి ఒప్పుకోకుండా అతని ఫొటో గానీ, వివరాలు గానీ పత్రికలకు ఇవ్వకూడదని 24వ సెక్షన్ అంటుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం అతనికి వైద్యం అందించాలి అని 115వ సెక్షన్ చెబుతుంది. చెబితే పోలీసు కేసవుతుందేమోనని నోరు మూసుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

అయితే గోప్యతకు హద్దులు ఉన్నాయి. వాటిని దాచిపెట్టి ‘ఎవ్వరికీ చెప్పం’ అని నమ్మబలకడం పెద్ద తప్పు. తన ప్రాణానికో, ఎదుటివాడి ప్రాణానికో ముప్పు ఉందని తెలిస్తే, ఆపడానికి ఎంత అవసరమో అంతవరకు వైద్యుడు బయటపెట్టవచ్చు. వైద్యంలో పాలుపంచుకునే ఇతర వైద్యులకు చెప్పవచ్చు. రోగి తరఫున నామినేట్ అయిన ప్రతినిధికి చెప్పవచ్చు. కోర్టు అడిగితే, ప్రజల భద్రతకు సంబంధించిన సంగతైతే చెప్పాల్సి రావచ్చు. చేతిలో తుపాకీ ఉండే ఉద్యోగంలో ఈ హద్దు న్యాయమైనదే. రాత్రి కాపలాలో ఉన్న జవాను ప్రాణం తీసుకోవాలనిపిస్తోందని చెబితే ఆ మాట గుప్పిట్లో పెట్టుకు కూర్చోవడం సాయం అనిపించుకోదు. కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటే మూడు ప్రశ్నలు అడగండి. నేను చెప్పేది ఎక్కడ రాస్తారు? ఎవరెవరు చూస్తారు? ఏ పరిస్థితిలో బయటపెడతారు? సూటిగా జవాబిచ్చినవాళ్ల దగ్గర కూర్చోండి. హద్దు ఎక్కడుందో ముందే తెలిసినవాడు హద్దుకు ఇవతల ధైర్యంగా మాట్లాడగలడు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. సర్వీసులో ఉండగా జబ్బును పూర్తిగా దాచేసినవాడికి, రిటైరయ్యాక చేతిలో ఒక్క కాగితం ఉండదు. వైకల్య పెన్షన్‌కు దరఖాస్తు పెడదామంటే ‘అప్పట్లో చూపించుకున్నట్టు రికార్డేది?’ అని అడుగుతారు. ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో ఒక మాట స్పష్టం చేసింది. చేరేటప్పుడు లేని జబ్బు సర్వీసులో వస్తే, అది సర్వీసు వల్ల రాలేదని చూపించే భారం ప్రభుత్వానిదే అంది. నిబంధనలు 2023లో మళ్లీ మారాయి. కాబట్టి మీ కేసు ఏ నిబంధన కిందికి వస్తుందో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి. నేను చెప్పేదేమంటే, గుట్టుగా మాట్లాడటం వేరు, గుట్టుగా కుళ్లిపోవడం వేరు. ముందు ఫోన్‌లో, పేరు పెద్దగా అక్కర్లేని చోట మనసు తేలిక చేసుకోండి. జబ్బు ముదిరిందని వాళ్లంటే డాక్టరు దగ్గరికి వెళ్లి కాగితం మీద పెట్టించుకోండి. ఆ కాగితం రేపు మీ కుటుంబానికి అక్కరకొస్తుంది.

వైద్యం పనిచేస్తుందా అని అడుగుతారు. పనిచేస్తుంది. జరిగిన ఘటనను ఒక పద్ధతి ప్రకారం, భరోసా ఉన్న చోట, కొంచెం కొంచెంగా మళ్లీ తలచుకునేలా చేసే చికిత్సలు ఉన్నాయి. తప్పంతా నాదే అనుకునే ఆలోచనను సరిచేసే చికిత్స ఉంది. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేయించే ఈఎండీఆర్ అనే పద్ధతి ఉంది. సెర్ట్రలిన్ వంటి మందులు చాలామందికి ఉపయోగపడతాయి, అవి డాక్టరు రాస్తేనే వాడాలి. రెండు వారాలకే గుణం కనబడలేదని ఆపెయ్యకూడదు. ఇక తాగుడు సంగతి. రెండు పెగ్గులేస్తే నిద్ర పడుతుందన్నది నిజమే, తొందరగానే పడుతుంది. కానీ ఆ నిద్ర లోతుగా సాగదు, నడిరాత్రి మెలకువ వస్తుంది, మర్నాటికి కోపం, దిగులు ఇంకా పెరుగుతాయి. క్యాంటీన్ కోటా వైద్యం కాదు.

రాబోయే రోజుల గురించి ఒక హెచ్చరిక. 2022లో నాలుగేళ్ల పాటు సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చింది. ఆ ఏడాది చివర్లో చేరిన మొదటి విడత కుర్రాళ్లకు 2026 చివరి నుంచి నాలుగేళ్ల గడువు తీరుతుంది. నూటికి ఇరవై ఐదుగురికి మించి కొనసాగించరన్నది ఆ పథకం లెక్క. మిగిలినవాళ్లు పాతికేళ్లు అటూ ఇటూ వయసులో ఇంటికొస్తారు. వాళ్లకు పెన్షన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ కార్డు లేదు. చూసినవి మాత్రం మిగతావాళ్లతో సమానంగానే చూసి ఉంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఆ కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లు గుర్తుంచుకోవాల్సిన నంబరు 14416. దానికి ఏ కార్డూ అక్కర్లేదు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ జవాన్లకూ, పోలీసులకూ కూడా అది వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వాలు కూడా ఒక పని చెయ్యాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో పెన్షన్ కాగితాలు చూసే గుమస్తాతోపాటు, తలుపు వేసి విడిగా మాట్లాడటానికి ఒక గదీ, వారానికి ఒక రోజైనా శిక్షణ పొందిన కౌన్సెలరూ ఉండాలి. గది బయట సైకియాట్రీ అని బోర్డు పెట్టకపోతే ఇంకా మంచిది.

ఇంట్లోవాళ్లకు రెండు మాటలు. అమ్మా, మీ ఆయన రాత్రి కేకపెట్టి లేస్తే ‘ఏం కల వచ్చింది, చెప్పు చెప్పు’ అని ఒత్తిడి చెయ్యకండి. దీపం వేసి, పేరు పెట్టి పిలిచి, ‘ఇంట్లోనే ఉన్నారు, నేనున్నాను’ అనండి. మంచినీళ్లు ఇవ్వండి. మర్నాడు ఇద్దరే ఉన్నప్పుడు ‘మీరు సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది, నాకు భయంగా ఉంది, ఒకసారి ఫోన్ చేద్దామా’ అని అడగండి. ‘మిలటరీవాళ్లు ఇలాగేనా ఉండేది’ అని మాత్రం అనకండి. ఆ మాట ఆయన ఇప్పటికే తనను తాను వందసార్లు అనుకుని ఉంటాడు. ప్రాణం మీదికి తెచ్చుకుంటాడేమోనన్న అనుమానం వస్తే నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటపడుతుంది. ఆ సమయంలో ఒంటరిగా వదలకండి, ప్రమాదకరమైనవి దూరంగా పెట్టండి, వెంటనే 14416కు గానీ, పరిస్థితి చెయ్యి దాటుతుంటే 112కు గానీ ఫోన్ చేయండి. ఆయన చెయ్యి చేసుకుంటుంటే ఆ దెబ్బలు భరించడం సేవ అనిపించుకోదు. పిల్లల్ని తీసుకుని ముందు క్షేమమైన చోటికి వెళ్లండి. ఆ నంబరు మీకోసం కూడా. ఏళ్ల తరబడి అర్ధరాత్రి కేకలకు ఉలిక్కిపడి లేచిన భార్యకూ ఊరట కావాలి.

మాజీ సైనికుల సంఘాల పెద్దలకు నా విన్నపం. మీకు ఆ జీవితం తెలుసు, మీ దగ్గర కుర్రాళ్లు నోరు విప్పుతారు. మీ సమావేశాల్లో పెన్షన్ బకాయిల గురించీ, క్యాంటీన్ సరుకుల గురించీ మాట్లాడినట్టే నిద్ర గురించి కూడా ఒకసారి మాట్లాడండి. ఒకరిద్దరు పెద్దలు ‘నేనూ చూపించుకున్నాను, మందులు వాడాను, ఇప్పుడు బాగున్నాను’ అని చెబితే పదిమందికి దారి దొరుకుతుంది. అయితే తోటివాడు మీతో చెప్పుకున్నది మీ దగ్గరే ఆగాలి. క్యాంటీన్ వరసలో గానీ, యూనిట్ వాట్సాప్ గ్రూపులో గానీ అది కనబడకూడదు. ఒక్కసారి ఆ నమ్మకం పోతే ఆ ఊళ్లో ఇంకెవరూ నోరు విప్పరు.

వింటున్నవాళ్లలో ఫౌజీ సోదరులు ఎవరైనా ఉంటే చివరి మాట మీకే. మీరు దేశం రహస్యాలను ఏళ్లపాటు కడుపులో పెట్టుకున్నారు. ఇప్పుడు మీ రహస్యాన్ని అలాగే కాపాడాల్సిన బాధ్యత మాది, చట్టానిది, వైద్యులది. అది అడగడం మీ హక్కు. చెప్పుకోవడానికి రేపటిదాకా ఆగొద్దు. నంబరు మరోసారి, 14416. ఏ వేళనైనా, తెలుగులో, ఖర్చు లేకుండా. ఈ మాటలు విన్నవాళ్లు మీకు తెలిసిన ఒక్క సైనిక కుటుంబానికైనా ఆ నంబరు రాసి ఇవ్వండి.